గాలి కోసం కట్టిన బండి

గుంటూరులో పుట్టి మిరపకాయ పడదంటే జనం నవ్వుతారు. షాజాదీ కూడా మొదట్లో నవ్వుతూనే చెప్పేది. పాతికేళ్లు కోల్డ్ స్టోరేజీల ముందు కూర్చుని కాయలకు తొడిమలు తీసిన మనిషి. ముక్కుకు గుడ్డ కట్టుకోవడమే గానీ ఏనాడూ పనికి నాగా పెట్టలేదు. యాభై ఎనిమిదో ఏట ఊపిరి మొరాయించింది. నాలుగు మెట్లెక్కితే ఛాతీలో పిల్లికూతలు, పక్కింట్లో తిరగమోత వేస్తే ఇక్కడ దగ్గుతెర. డాక్టరు పరీక్షలన్నీ చూసి, మందులు మందులే, మిర్చి సీజను నాలుగు నెలలూ మాత్రం ఈమెను ఘాటు తగలని చోట ఉంచండి అన్నాడు. వచ్చే సీజను కూడా ఇలాగే గడిస్తే ఇక ఇంట్లో ఆక్సిజన్ మిషను పెట్టుకోవాల్సిందే అని కూడా అన్నాడు.

ఆ మాట విన్న రోజు నుంచి ఆమె భర్త సిలార్‌కి తిండి సహించలేదు. ఘాటు తగలని చోటట! చెప్పేవాడికి వినేవాడు లోకువ. తమ్ముడి ఊరికి పంపుదామంటే ఇంటి ముందే మిరప కళ్లం. బావమరిది మిర్చి యార్డులో హమాలీ. పోనీ కూతురు నజ్మీన్ దగ్గర దించుదామంటే అల్లుడిది కారం మిల్లు. చుట్టాలకు కొదవ లేదు, మంచి గాలికే కొదవ. ఎక్కడో ఓ చోట ఇల్లు అద్దెకు తీసుకున్నా, గాలి ఏ పూట ఎటు తిరుగుతుందో ఇంటికేం తెలుసు? ఘాటు ఇటు వచ్చినప్పుడు అటు జరిగే ఇల్లు కావాలి.

సిలార్ ఆటోనగర్లో నలభై ఏళ్లు లారీలకు బాడీలు కట్టిన వడ్రంగి మేస్త్రీ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు ఇంటికి చక్రాలు బిగించి చూడు అని మాత్రం అనలేదు. అదీ చూద్దామని మూలన పడ్డ స్కూలు బస్సు ఒకటి కొన్నాడు. సీట్లన్నీ పీకేశాడు. వెనక పడక బల్ల, దాని పక్కన మనిషి తిరిగే వీలున్న బాత్రూము, ముందు వంటగట్టు, నడుమ కూర్చోవడానికి ఇంకో బల్ల. కింద రెండు వందల లీటర్ల నీళ్ల ట్యాంకు, పైన సోలారు పలకలు. పగలు షెడ్డులో పని, పొద్దుగూకాక బస్సులో పని, ఇలా ఎనిమిది నెలలు పట్టింది.

అయితే మేస్త్రీగారు పప్పులో కాలేసింది కూడా అక్కడే. ముప్పై ఏళ్ల కిందట తన చేత్తోనే కట్టిన లారీ ఒకటి తుక్కు కింద షెడ్డుకు వచ్చింది. దాని పలకలు అసలైన టేకు. అలాంటి చెక్క ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతుంది? ప్రాణం లేచొచ్చి మొత్తం విప్పించి తెచ్చుకున్నాడు. పడక, బల్లలు, వంటగట్టు, గోడల లోపలి తొడుగు, నేల, అన్నీ వాటితోనే చేశాడు. పైవైపు చిత్రిక పట్టి, ఉప్పుకాగితంతో రుద్ది, మూడు పూతలు పాలిష్ వేశాడు. కిందివైపు ఎవరు చూస్తారని అలాగే వదిలేశాడు. ఆ లారీ జన్మంతా యార్డు నుంచి టిక్కీలనే మిర్చి బస్తాలు మోసిందని ఆయనకు తెలియక కాదు. నలభై ఏళ్లు ఆ గాలిలోనే ఉన్న ముక్కు మొద్దుబారిపోయి, ఆ సంగతి తట్టనే లేదు.

జనవరిలో బయల్దేరారు. సిలార్ నడుపుతాడు, షాజాదీ పక్కన కూర్చుని రోడ్డు మీద గుంటలు చెబుతుంది. ముందు దాచేపల్లి వైపు పోయారు. అక్కడ మిర్చి కన్నా సిమెంటు దుమ్ము ముందు పలకరించింది. పొద్దున తుడిచిన సోలారు పలకలు సాయంత్రానికి బూడిద పూసుకుని కూర్చున్నాయి. రెండో రోజే బండి దక్షిణానికి తిప్పి దర్శి దాటారు. అక్కడో పల్లెలో పాస్టరు ప్రభుగారు చర్చి ఆవరణలో నీడ చూపించి, బోరు నీళ్లు పట్టుకోమన్నాడు, చార్జింగుకు ప్లగ్గు ఇచ్చాడు. ఎన్నాళ్లుంటారని కూడా అడగలేదు.

షాజాదీకి ఒక పట్టుదల ఉంది. నీళ్లిచ్చిన చోటు నుంచి చేతులూపుకుంటూ వెళ్లకూడదు. అందుకని సిలార్ బండిలో పనిముట్ల పెట్టె ఎప్పుడూ తెరిచే ఉండేది. చర్చి గేటు కుంగిపోయి నేలను గీసుకుంటుంటే ఎత్తి బిగించాడు. ఒక రైతు మోటారు షెడ్డుకు తలుపు చేశాడు. టీకొట్టువాళ్ల బెంచీకి కాలు అతికించాడు. వాళ్లు బదులుగా వంకాయలో, మజ్జిగో తెచ్చి మెట్టు మీద పెట్టి పోయేవాళ్లు. అరవై మూడేళ్ల బతుకులో ఇంతమంది మంచివాళ్లు ఇన్నాళ్లూ ఎక్కడున్నారని సిలార్ ఆశ్చర్యపోయేవాడు. ఉన్నారు, తానే షెడ్డు దాటి రాలేదు.

అన్నీ బాగానే ఉన్నాయి, షాజాదీ ఊపిరి తప్ప. పొద్దున పూట చెట్టు కింద కూర్చుంటే హాయిగా ఉండేది. ఎండ ముదిరి లోపలికి వెళ్లి ఓ గంట పడుకుంటే చాలు, పిల్లికూతలు మొదలు. గతుకుల రోడ్డు మీద ప్రయాణం చేసిన రోజు మరీ ఎక్కువ. చుట్టుపక్కల కళ్లాల మీది గాలి ఇటు కొడుతోందనుకుని సిలార్ మళ్లీ బండి కదిలించాడు. ఈసారి తుళ్లూరు. అక్కడ రాజధానికి ఇచ్చిన పొలాల్లో ఏళ్ల తరబడి పంట లేదు. మిరప మొక్క కంటికి కనబడదు, కృష్ణ మీంచి గాలి తెరపి లేకుండా వీస్తుంది. ఊరి చివర గేదెలు మేపుకునే ఆదెమ్మ, తన ఇంటి పక్క ఖాళీ స్థలంలో బండి పెట్టుకోమంది. ఆమె భర్త జోసఫ్ దగ్గర్లో కడుతున్న భవనాల దగ్గర కూలికి వెళ్తాడు. ఆ మొదటి మధ్యాహ్నం షాజాదీ అంతకు ముందెన్నడూ లేనంతగా దగ్గింది.

సిలార్‌కి అంతుపట్టలేదు. మిరప లేని చోట కూడా ఇదేమిటి? ఇక బండి మీద పడ్డాడు. గ్యాసు కారుతోందేమోనని పైపు పొడవునా సబ్బు నురగ పూసి చూశాడు. బ్యాటరీ ఆవిరి లోపలికొస్తోందేమోనని దాన్ని విప్పి బయట పెట్టెలోకి మార్చాడు. నీళ్ల ట్యాంకు కడిగాడు, బాత్రూము డబ్బాను రోజుకు రెండుసార్లు ఖాళీ చేశాడు, కప్పు మీది ఫ్యాను విప్పి రెక్కరెక్కా తుడిచాడు, పరుపు మార్చాడు. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నాలుగో రోజు ఇన్‌హేలరు రెండుసార్లు పీల్చినా దగ్గు ఆగకపోయేసరికి, ఇక లాభం లేదు, బండి అమ్మేసి ఆ ఆక్సిజన్ మిషనేదో కొందాం అన్నాడు. షాజాదీ బల్ల అంచును చేత్తో నిమిరింది.

మర్నాడు మిట్టమధ్యాహ్నం ఆదెమ్మ గేదె పాలు తీసుకుని వచ్చింది. ఎండలో నిలబడతావేం, లోపలికి రా, టీ తాగి పోదువు అని షాజాదీ పిలిచింది. ఆదెమ్మ మిరప కోతలకు ఊళ్లూళ్లు తిరిగిన మనిషి, మొహమాటం తెలియని మనిషి. బల్ల మీద కూర్చుంది. రెండుసార్లు తుమ్మింది. కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని చుట్టూ చూసింది.

"అన్నా, ఏమనుకోమాక. ఈ బల్లల్లో మిరపకాయలు దాచిపెట్టుకున్నారా ఏంది?"

సిలార్‌కి కోపం వచ్చింది. ఘాటుకు భయపడి ఇల్లు వదిలొచ్చిన వాళ్లం, మిరపకాయలు మోసుకు తిరుగుతామా అన్నాడు. ఆదెమ్మ ఒప్పుకోలేదు. వంగి రెండు పలకల సందులో వాసన చూసి, కళ్లంలో మిరపకాయల మీది పట్టా తీసినట్టుందని తేల్చేసింది. ఆమె నోరు మూయించడానికే సిలార్ స్క్రూడ్రైవరు తెచ్చి ఒక పలక విప్పి తిరగేశాడు.

కిందివైపు చెక్క గీతలన్నీ ఎర్రగా ఉన్నాయి. సందుల్లో ముప్పై ఏళ్ల పొడి మెత్తుకుని ఉంది, దాంట్లో నాలుగైదు గింజలు. సిలార్ వాసన చూశాడు, ఏమీ తెలియలేదు. వేలికి అద్దుకుని నాలుక చివర పెట్టుకున్నాడు. భగ్గున మండింది. రేకు కప్పు కాగినప్పుడల్లా, బండి గతుకుల్లో ఎగిరినప్పుడల్లా ఆ పొడే లేస్తోంది. గాలి కోసం బండి కట్టి, చివరికి భార్యను మిర్చి లారీలోనే పడుకోబెట్టాడు.

తల ఎత్తి షాజాదీ వైపు చూశాడు. ఆమె టీ గిన్నె వంకే చూస్తోంది. ఆ ముఖంలో ఆశ్చర్యం లేదు. పాతికేళ్లు తొడిమలు తీసిన ముక్కు అది. అప్పుడు ఆయనకు ఇంకో సంగతి అర్థమైంది.

"నీకు ముందే తెలుసా?"

"ఎక్కిన రోజే తెలిసింది."

"మరి నోరేమైంది?"

షాజాదీ స్టవ్ ఆపింది. "ఎట్టా చెప్పనండీ? నలభై ఏళ్లు ఎవరెవరి లారీలకో పలకలు కొట్టారు. మనింట్లో బీరువా తలుపు ఈనాటికీ సరిగా పడదు. ఇది మాత్రం ఎనిమిది నెలలు నిద్ర మానుకుని నా కోసం కట్టారు. ఈ బల్లంతా చెయ్యి పెట్టి నిమిరితే ఒక్క పుల్ల గుచ్చుకోదు. ఇంత చేసిన మనిషితో ఇది నాకు పడట్లేదని ఏ నోటితో అనను?"

సిలార్ అరుద్దామని నోరు తెరిచాడు. ఆయన బదులు ఆదెమ్మే అరిచింది. "బాగుందక్కా మీ వరస. ఊపిరాడక పోతే ఆ మొహమాటం వచ్చి మోస్తదా నిన్ను?" అంటూ షాజాదీ చెయ్యి పట్టుకుని తన ఇంటి వసారాలోకి తీసుకుపోయింది.

ఆ పూటే పని మొదలైంది. జోసఫ్ పని నుంచి వచ్చి చొక్కా మార్చుకోకుండానే చెయ్యేశాడు. ముఖాలకు తువ్వాళ్లు కట్టుకుని పడక, బల్లలు, వంటగట్టు, గోడల తొడుగు, నేల, పలక వెంట పలక బయటికి మోశారు. సిలార్ జన్మలో అంత నున్నగా పట్టిన చిత్రిక లేదు. సందుల్లో దూరిన పొడి పైపైన కడిగితే పోయేది కాదని మేస్త్రీకి ఎవరూ చెప్పక్కర్లేదు. చివరి పలక విప్పేటప్పుడు మాత్రం అరచెయ్యి దాని మీద కాసేపు ఆనించాడు. జోసఫ్ వాటిని వంటచెరకుగా ఇమ్మనబోతే, పొయ్యిలో పెట్టావంటే ఊరు ఊరంతా దగ్గి చస్తుందని ఆదెమ్మ కసిరింది. దూరంగా గాలి వాలున పేర్చి పట్టా కప్పారు. తర్వాత బండి లోపల సబ్బు నీళ్లతో మూడుసార్లు కడిగారు. మూడోసారి నీళ్లకు ఎరుపు తగ్గింది. తలుపులూ కిటికీలూ తెరిచి వదిలేశారు.

మర్నాడు మధ్యాహ్నానికి బండి ఉత్త రేకు డబ్బా. నేల మీద ఆదెమ్మ ఇచ్చిన ఈతచాప ఒకటి, వంటగట్టున్న చోట ఇటుకల మీద స్టవ్వు. షాజాదీ ఆ చాప మీద పడుకుంది. సిలార్ మెట్టు మీద కూర్చుని చెవులు రిక్కించాడు. పది నిమిషాలు, అరగంట, గంట. బయట గేదెల మెడగంటలు, ఎక్కడో కాంక్రీటు కలిపే మిషను. లోపల ఊపిరి వస్తోంది, పోతోంది. పిల్లికూత లేదు. గంటన్నర దాటాక కూడా లేదు.

ఆయన కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. అల్లాకు ఎన్ని విధాల షుక్రియా చెప్పుకున్నాడో లెక్క లేదు. బోరు నీళ్లిచ్చిన ప్రభుగారికీ, చొక్కా పాడుచేసుకున్న జోసఫ్‌కీ, మొహమాటం అనే మాట తెలియకుండా పుట్టిన ఆదెమ్మకూ మనసులోనే దణ్ణం పెట్టుకున్నాడు. ముప్పై ఎనిమిదేళ్ల కాపురంలో పక్కనే పడుకుని కూడా ఆమె ఊపిరి ఇంత శ్రద్ధగా ఎప్పుడూ వినలేదే అనుకున్నాడు.

నాలుగింటికి షాజాదీ లేచింది. ఇంతసేపు పడుకోనిచ్చారేం అంది. సిలార్ ఆమె దగ్గరికి వచ్చి చాప అంచున కూర్చున్నాడు.

"ఇక నుంచి ఏది పడకపోయినా ఆ రోజే చెప్పు. నేను కట్టిందైనా సరే, నేనైనా సరే."

షాజాదీ నడుం మీద చెయ్యి వేసుకుంది.

"అయితే చెబుతున్నా. ఈ నేల గట్టిగా ఉందండీ. నడుం పట్టేసింది."

ఆమె తనకోసం ఆయన్ని ఏదైనా అడగడం అదే మొదటిసారి. సిలార్ నవ్వబోయి నవ్వలేక, పైకండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెప్పులు వేసుకుని, నవారు మంచం ఏదైనా ఉందేమో అడగడానికి ఆదెమ్మ ఇంటికి గబగబా నడిచాడు.