దండాసి కార్డు నా నోట్లో ఉండగా

నేను ఒక కార్డు రీడర్‌ని. అరచేతిలో పట్టే నల్ల డబ్బా, ముందు సన్నటి నోరు, నెత్తిన ఒక పచ్చదీపం. కార్డు పెడితే అందులో ఉన్నది చదివి కంప్యూటరుకు చెప్పడం నా పని. అయితే అడిగితేనే చెబుతాను. అడగకపోతే కొంప మునుగుతున్నా నోరు మెదపలేను. నా బాధంతా అక్కడే మొదలైంది.

ఏ ఫ్యాక్టరీలో పుట్టానో ఏమో, ఊహ తెలిసేసరికి ఉద్దానంలో ఒక చిన్న డయాలసిస్ కేంద్రంలో బల్ల మీద ఉన్నాను. కిడ్నీలు పాడైనవాళ్ళు కోడికూతకే వచ్చి కూర్చుంటారు. నేను కార్డు చదివితేగానీ వాళ్ళ మిషన్ తిరగదు. మంచాలు మూడే. నాలుగో మనిషి మధ్యాహ్నం దాకా పడిగాపులు పడాలి. అందుకే అక్కడ వంతంటే మాటలు కాదు. బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకున్నట్టు, ముందొచ్చినవాడు తన కార్డు నా నోట్లో దోపేస్తాడు. అప్పటికింకా కంప్యూటరు కూడా వేసి ఉండదు. ఆ కార్డు ఇంకొకరు ముట్టుకోకూడదు, పేరు నమోదు కాకముందే తనే తీసుకుంటే వంతు పోయినట్టే. ఎవరు పెట్టారో ఈ చట్టం, సిస్టర్ ఎస్తేరు కూడా దానికి ఎదురు చెప్పేది కాదు.

రోజూ ముందు పడేది దండాసి కార్డే. జీడితోటల్లో కష్టపడి ఎండిపోయిన మనిషి. నాలుగోదిగా దిగేది గున్నమ్మ. దండాసి దగ్గినా సరే, కార్డు తీస్తాడేమోనని ఆవిడ కన్ను నా మీదే.

ఇంతలో కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. దానికి నా భాష రాదు. మా ఇద్దరి మధ్య మాటలు మోయడానికి, తగిలిస్తే తగిలి తీస్తే ఊడే ఒక ప్రోగ్రాము ముక్క కావాలి. ప్లగిన్ అంటారు. అది రాసే పని విశాఖపట్నంలో హైమ అనే ఇంజనీరు పిల్లకు అప్పగించారు. నా చోట ఒక అరువు రీడర్‌ని పెట్టి, నన్ను ఆమె దగ్గరికి పంపారు.

పిల్ల మంచిదే, గోళ్ళు కొరుకుతుంది. ముందు ప్రోగ్రాము నడిపి, తర్వాత టీ తాగుతూ కార్డు పెట్టేది. ‘కార్డు పెట్టగానే చెప్పు’ అని రాసింది. పెట్టగానే చెప్పాను. తీసి మళ్ళీ పెట్టింది, మళ్ళీ చెప్పాను. మురిసిపోయి నన్ను తిరిగి పంపేసింది. ‘కార్డు ముందే లోపలుందా?’ అని ఒక్కసారి అడిగిన పాపాన పోలేదు.

నేను తిరిగొచ్చిన పొద్దున దండాసి కార్డు యథాప్రకారం నా నోట్లో ఉంది. ఎస్తేరు కంప్యూటరు వేసింది. ‘కార్డు కోసం ఎదురుచూస్తున్నాం’ అని తెర మీద పడింది. ఉంది కదర్రా, నా గొంతులోనే ఉంది! ఎస్తేరు హైమకు ఫోను చేసింది. కార్డు పెట్టారా అంటే పెట్టామంది. అయితే ఆపి మళ్ళీ వెయ్యమంది హైమ. ఆపారు, వేశారు, ఆపారు, వేశారు. కార్డు తీసి చూడమని అక్కడామెకు తోచలేదు, ఇక్కడ ఎవరికీ ధైర్యం లేదు. చివరికి రీడరు పోయిందని తేల్చేశారు. ఒంట్లో సత్తువున్నవాళ్ళు బస్సెక్కి టౌనుకు పోయారు. దండాసి ఉబ్బిన కాళ్ళు ఈడ్చుకుంటూ ఇంటికి పోయాడు. నా దీపం మాత్రం సిగ్గులేకుండా వెలుగుతూనే ఉంది.

మర్నాడు మొదటి బస్సుకే హైమ దిగింది. తలుపు తియ్యగానే దండాసి గోడ పట్టుకుంటూ వచ్చాడు. మొహం ఉబ్బిపోయింది, ఊపిరి అందడం లేదు. అయినా ముందు కార్డు తెచ్చి నా నోట్లో పెట్టాడు. కంప్యూటరు వెయ్యకుండానే ఎందుకు పెట్టారని అడిగింది హైమ.

“నానే ముందొచ్చినానని గుర్తమ్మా. తీసీసినానంటే వొంతు ఎలిపోద్ది.”

ఆమె గోరు కొరకడం మానేసింది. గబగబా కంప్యూటరు వేసి, అతను వద్దంటున్నా కార్డు లాగింది. ఆ రెప్పపాటులో గున్నమ్మ చెయ్యి తన కార్డుతో నా మూతి దాకా వచ్చేసింది. ఆ చేతిని పక్కకు నెట్టి హైమ దండాసి కార్డే మళ్ళీ పెట్టింది. తెర మీద అతని పేరు పడింది. ఎస్తేరు అతన్ని మంచం మీదికి చేర్చింది.

కంప్యూటరు వేశాకే కార్డు పెట్టాలని గోడకు కాగితం అంటించి వచ్చెయ్యమన్నాడు ఫోనులో ఆమె పైఅధికారి.

“తప్పు వాళ్ళది కాదు సార్, నాది. అడగాల్సింది నేను అడగలేదు” అంది హైమ. అక్కడే కూర్చుని ఆ ప్రశ్న రాసింది. ఆ తర్వాత ప్రతి పొద్దునా కంప్యూటరు కళ్ళు తెరుస్తూనే ‘ముందే ఉందా?’ అని అడిగేది. ఉందని చెప్పేవాణ్ణి. హాయిగా గడిచింది.

రెండేళ్ళకు నా నోరు వదులైంది. కొత్త రీడరు, కొత్త సాఫ్ట్‌వేర్, మరెవరో రాసిన ప్లగిన్ వచ్చాయి. హైమ రాసిన ముక్కను ఊడబీకేశారు. ఎస్తేరుకు బదిలీ అయింది. నన్ను ఆ గదిలోనే దూదికట్టల బీరువాలో పడేశారు.

మొదటి పొద్దున కంప్యూటరు వేసిన చప్పుడు వినపడింది. కాసేపటికి మళ్ళీ అదే చప్పుడు. మళ్ళీ ఇంకోసారి. ఈసారి రాసినవాడూ అడగలేదన్నమాట! రీడరు పని చెయ్యడం లేదంటోంది కొత్త సిస్టరు. దండాసి దగ్గుతున్నాడు. తీసి మళ్ళీ పెట్టండర్రా అని అరవాలనుంది. చీకట్లో దూది మధ్య ఎవరడుగుతారు నన్ను?

అప్పుడు గున్నమ్మ గొంతు వినపడింది.

“దండాసన్నా, తీసి మల్లీ ఎట్టు. అప్పుడా పిల్ల సేసినట్టు. నీ వొంతు నాను లాక్కోన్లే, భయపడకు.”

సర్రున కార్డు బయటికొచ్చింది. తర్వాత టక్కుమని కార్డు దిగింది. కాసేపటికి మిషన్ తిరగడం మొదలెట్టింది.