కరియకు పరుపు

ఈ చుట్టు అయ్యాక పడుకుంటాడులే, కుక్కన్నాక పడుకునే ముందు నాలుగు చుట్లు తిరగకుండా ఉంటుందా, కానీ మా కరియ ఇప్పటికి ఎన్ని తిరిగాడో, తిరిగి తిరిగి కొత్త పరుపు అంచు వాసన చూసి తుమ్మాడు, తుమ్మితే తుమ్మనీ, కొత్త బట్ట కదా, నేను మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకుని నేస్తున్నట్టు నటిస్తున్నానే గాని చేయి ఆడటం లేదు, చూపంతా వాడి వెనక కాళ్ళ మీదే ఉంది, వణుకుతున్నాయి పాపం, పశువుల డాక్టరు వాడి తుంటి నొక్కి చూసి చెప్పాడు, శ్రీశైలమ్మా, ముసలోడైనాడు, ఇంక బండల మీద పండనియ్యొద్దు, మోచేతులు పుండ్లు పడతాండాయి, మెత్తగా పరుపేసి దాని మీద పండేట్టు సూడు, లేదంటే ఒకనాడు పండినోడు లేయలేడు అని, ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు.

మా ఆయన సోమప్ప ఊరుకుంటాడా, కుక్కకు పరుపేందే, నాకే సాప గతి లేదు అని ఎకసెక్కం, అననీ, నేను మాత్రం ఎమ్మిగనూరులో బస్సెక్కి ఆదోని పోయాను, ఆడ కుక్కల సామాన్ల అంగడి పెట్టినారక్కా అని పక్కింటి వనజ చెప్పింది, నిజమే, అంగడి నిండా పరుపులు, గుండ్రటివి, పడవలాంటివి, గులాబీ రంగు మీద కుక్క పాదాల అచ్చులు, అంగడాయన మారుతి ఒకటి నా ఒళ్ళో పెట్టి, తీసుకో అక్కా, మఖ్మల్ మాదిరి ఉంటాది అన్నాడు, నేను దాన్ని తిరగేసి, వెలుతురుకి పట్టి, గోటితో అట్లా గీరానో లేదో పోగులు పక్కకు జరిగిపోయాయి, ఇదేం బట్టప్పా, నూలు కాదు, నేత కాదు, మా కుక్క గోరు తగిలితే ఒక పూటకు రాదు అంటే అతను నవ్వి, అక్కా, కుక్కకు పరుపు కొంటాండావా, పెండ్లికి సీర కొంటాండావా అన్నాడు, నాకూ నవ్వొచ్చింది గాని నడుం మాత్రం నిటారుగా నిలబెట్టి చెప్పాను, నేసేదాన్నప్పా, బట్ట సూడకుండా ఎట్ల కొంటా, అట్లా ఉన్నవన్నీ దించించి ఒక్కటీ కొనకుండా బయటికొచ్చాను, పత్తికి పేరుపడ్డ ఆదోనికి పోయి లోపల ప్లాస్టిక్ పీచు కూరిన పరుపు మోసుకొస్తే మగ్గం ముందు ఎట్లా కూర్చునేది, అందుకే అక్కడే మంచి దూది ఏకించి మూట కట్టించుకుని, బస్సులో అందరూ ఒంటికి దూది అంటుకుంటోందని గొణుగుతున్నా ఆ మూటను ఒళ్ళోంచి దించకుండా ఇంటికి చేరాను.

ఇక ఆ పరుపు కుట్టిన తీరు చెప్పుకోవాలంటే నాకే ముద్దొస్తుంది, మగ్గం మీద నుంచి అప్పుడే కోసిన బట్ట, చిక్కటి నేత, నీళ్ళు పోస్తే కారనంత చిక్కన, దానికి పైన ఇంకో తూరి గంజి పెట్టి, ఎండలో లాగి ఆరబెట్టి, మూలలు కత్తిలాగా మడిచి కుట్టాను, మా మామ ఉచ్చీరప్ప బతికున్నప్పుడు ఎప్పుడూ అనేవాడు, బట్ట మన గడప దాటేటప్పుడు దాని కాళ్ళ మీద అది నిలబడాల అని, ఇదీ నిలబడింది, సోమప్ప కూడా చేత్తో తట్టి చూసి, ఆ అంగడి పరుపు దీని ముందర యాడ పనికొస్తాదే అన్నాడు, ఆయన నోటి నుంచి ఆ మాట రావడమంటే మాటలా, ఆ పూటంతా నా కాళ్ళు నేల మీద లేవు.

మరి వీడికేమొచ్చింది, అదిగో మళ్ళీ తుమ్మాడు, ఒక కాలు పెట్టి తీసేశాడు, బట్ట గరగరలాడితే ఉలిక్కిపడి వెనక్కి జరిగాడు, ఓరి నీ, నా నేత నీకు నచ్చలేదేరా, ఊరంతా మెచ్చిన నేత, వాడు కుంటుకుంటూ నా దగ్గరికే వస్తున్నాడు, గుంట అంచున నేను కూర్చున్న చోట నా కింద మడిచి వేసుకున్న పాత దుప్పటి కొస ఒకటి వేలాడుతుంటే దాని మీద గడ్డం ఆనించి కళ్ళు మూసుకున్నాడు, ఒళ్ళంతా మాత్రం చల్లటి బండ మీదే, అప్పుడు తట్టింది నాకు, గంజి, అయ్యో గంజి, పుండ్లు పడ్డ మోచేతులకు అట్టలాంటి బట్ట వేసి పడుకోమంటే ఎవరు పడుకుంటారు, నేతగత్తెకు తప్ప ఇంకెవరికైనా వస్తుందా ఈ బుద్ధి, కుక్క పరుపుకు గంజి పెట్టే బుద్ధి, నన్ను నేనే తిట్టుకుంటూ లేచి ఆ దుప్పటి లాగి పరుపు మీద రెండు మడతలు పరిచాను, వాడు వాసన చూశాడు, తుమ్మలేదు, చుట్టూ తిరగనూ లేదు, ఎక్కి, వెనక కాళ్ళు ఒకదాని తర్వాత ఒకటి మెల్లగా మడిచి, పెద్దగా ఊపిరి వదిలి ఒరిగిపోయాడు.

ఆ దుప్పటి కొత్త కోడలిగా వచ్చి నేను నేసిన మొదటి బట్ట, అంచు వంకర పోయిందని మామ పడీ పడీ నవ్వి, ఇది అంగడికి పోయేది కాదులే అమ్మా, మొదటి నేత ఇంట్లోనే ఉండల్ల అన్నాడు, సిగ్గుతో దాన్ని బయటివాళ్ళెవరికీ చూపలేదు, పిల్లల్ని చుట్టాను, జ్వరాలకు కప్పాను, చివరికి కింద వేసుకుని కూర్చున్నాను, ఆ తర్వాత ఎన్ని చీరలు నేశానో, అన్నీ గంజితో పెళపెళలాడుతూ గడప దాటిపోయాయి, ఏ ఒక్కటీ మెత్తబడటం నేను చూడలేదు, ఎవరి ఒంటి మీద ఎట్లా ఒదిగిందో నాకు తెలియదు, ఇది ఒక్కటే నా కళ్ళ ముందు ముసలిదైంది, ఇప్పుడు వంగి కరియ మెడ పక్కన దాని కొస ఎత్తి వెలుతురుకి పట్టి చూస్తున్నాను, అంచు అదే వంకర, కానీ ఒక్క పోగు జరగలేదు, ఒక్క పోగు తెగలేదు, వెన్నలాగా ఉంది, వాకిట్లోంచి సోమప్ప తొంగి చూసి అడుగుతున్నాడు, పండుకున్యాడే నీ కొడుకు, పరుపు మీద ఏ బట్టేసినావే, యాడ కొన్యావు, నేను నేసిందేనయ్యా, గట్టిగా చెప్పాను, అందరికంటే ముందు నేను నేసింది.