ఆరు పౌండ్ల ఉపకారం

గేనర్ ప్రభుత్వం సొమ్ము మూడువేల పౌండ్లు మింగేసిందట. మింగి, ఏమీ ఎరగనట్టు పొద్దున్నే చీపురు పట్టుకుని కాలేజీకి పోతోందట. చేపల వేపుడు కొట్టు దగ్గర వరసలో నిలబడి మావిస్ ఈ మాట పదిమందికీ చెప్పింది. ఆ కొట్లో బంగాళాదుంప ముక్కల మీద కారప్పొడి చల్లే పిల్ల మా చెల్లెలికి చెప్పింది. చెల్లెలు నాకు చెప్పింది.

మావిస్ ఇల్లు గేనర్ ఇంటి వెనక సందుకి అవతల. తన వంటింటి కిటికీలోంచి చూస్తే గేనర్ చెత్తడబ్బాలో ఏముందో కూడా ఆవిడకి తెలుస్తుంది. ఆ రోజు పోస్టుమాన్ గోధుమరంగు కవరు ఇచ్చాడు. గేనర్ పెరట్లోకి వచ్చి దాన్ని చింపి, "మూడువేలా!" అని అరిచింది. మావిస్‌కి అంతకన్నా ఏం కావాలి? మిగతాది తనే అల్లుకుంది.

నేనూ గేనరూ ఇంగ్లండులోని ఈ హల్ ఊళ్ళో ఒకే కాలేజీలో పద్దెనిమిదేళ్ళుగా ఊడుస్తున్నాం. తెల్లారి ఐదింటికి, రేవు మీంచి వచ్చే గాలి చెవులు కోసేస్తుంటే, ఇద్దరం కలిసి గేటు దాటుతాం. నాది పూర్తి పని. గేనర్‌ది సగం పని, ఎందుకంటే మిగతా రోజంతా తమ్ముడు రాయ్‌స్టన్‌ది. ఓడరేవులో పనిచేసేటప్పుడు అతని తలకి క్రేను కొక్కెం తగిలింది. యాభై ఏళ్ళవాడు, చొక్కా బొత్తాలు తనంతట తాను పెట్టుకోలేడు. టీ చల్లారిందో లేదో అక్క తాగి చెప్పాలి.

అలాంటి మనిషిని ఇంట్లో పెట్టుకుని చూసుకునేవాళ్ళకి వారానికి ఎనభైమూడు పౌండ్ల ముప్పై పెన్నీల భత్యం వస్తుంది. దానికో షరతు. పన్నూ గిన్నూ పోగా చేతికొచ్చే సంపాదన వారానికి నూటతొంభై ఆరు పౌండ్లు దాటకూడదు. దాటితే ఆ దాటిన కాస్తే కోస్తారనుకునేరు. ఒక్క పెన్నీ దాటినా భత్యం మొత్తం ఊడుతుంది.

ఈ నూటతొంభై ఆరు హద్దు పోయిన ఏప్రిల్‌లోనే వచ్చింది. అంతకుముందు ఇంకా తక్కువ. చర్చి హాల్లో మంగళవారాలు టీ తాగడానికి చేరే ఆడవాళ్ళు, అందరూ ఇంట్లో ఒక రోగిని మోసేవాళ్ళే, పండగ చేసుకున్నారు. "వారానికి పదహారు గంటలు చేసుకోవచ్చటే! చట్టం చెప్పిన కూలికి అన్ని గంటలు సరిగ్గా పట్టేట్టు హద్దు కట్టారట. పదహారు దాటకు, అంతే!" ఆ పదహారు వాళ్ళ నోట వేదమైపోయింది. గేనర్ పదమూడు గంటల్నించి పదహారుకి పెంచుకుంది. పదిహేడో గంటకి ఎవరు బతిమాలినా రాలేదు.

అదే నెలలో మా కాలేజీకి పుణ్యం పుట్టింది. చట్టం అడిగేది గంటకి పన్నెండు పౌండ్ల ఇరవై ఒక్క పెన్నీలు. మనిషి బతకడానికి అది చాలదని, ఎవరూ బలవంతపెట్టకుండానే మేము పన్నెండు పౌండ్ల అరవై ఇస్తామని ప్రకటించారు. దానికి బతుకు జీతమని పేరు. నాకు చట్టం కూలి కన్నా వారానికి పధ్నాలుగు పౌండ్ల పైచిలుకు ఎక్కువ పడింది. అందులో పన్ను ఒక ముక్క, బీమా ఒక ముక్క కొరికాయి. నా జీతం పెరిగిందని ఇల్లు గడవడానికి ఇచ్చే సాయంలో ప్రభుత్వం ఇంకో పెద్ద ముక్క కోసుకుంది. చివరికి చేతిలో నాలుగు పౌండ్ల చిల్లర మిగిలింది. సరే, నాలుగే అయినా వచ్చింది కదా అనుకున్నాను.

గేనర్‌కి ఆ నాలుగూ లేవు. పదహారు గంటలకి రెండువందల ఒక పౌండు అరవై. చట్టం కూలి కన్నా ఆరు పౌండ్లు ఎక్కువ, హద్దుకి అయిదు పౌండ్ల అరవై పైన. చర్చి హాలు ఆడవాళ్ళు గంటలు లెక్కపెట్టారు గాని, భత్యమిచ్చే ఆఫీసు లెక్కపెట్టేది పౌండ్లు. నలభై వారాలు నోరు మూసుకుని చూసి, అప్పుడు ఉత్తరం రాసింది: మీకు చెల్లని భత్యం మూడువేల మూడువందల ముప్పై రెండు పౌండ్లు తిరిగి కట్టండి.

ఆ సాయంత్రం నేను వెళ్ళేసరికి వెనక సందులో మావిస్ చేతులు కట్టుకుని నిలబడి ఉంది.

"ఏమే గేనర్, ఇంకెవరి సొమ్మన్నా మిగిలిందా?" అంది.

"నీ సొమ్ము మిగిలింది మావిస్. రా, వచ్చి మావాడికి స్నానం చేయించు. గంటకి రెండు పౌండ్లిస్తా. వాణ్ణి చూసుకున్నందుకు నాకు ప్రభుత్వం ఇచ్చేది అంతకన్నా ఎక్కువేం కాదులే."

"ఊరంతా అంటున్న మాటే అన్నానే తల్లీ."

"ఊరికి చెప్పింది నువ్వే కదుటే!"

మావిస్ లోపలికి పోయి కిటికీ తెర లాగింది. తెర వెనకే నిలబడిందనుకోండి.

మర్నాడు పని కాగానే గేనర్‌తో పాటు నేనూ గైల్స్ దగ్గరకి వెళ్ళాను. కాలేజీలో ఉద్యోగుల వ్యవహారాలన్నీ చూసేది అతనే. మెత్తటి మనిషి. మాట్లాడేటప్పుడు తల ఒక పక్కకి వాల్చి వింటాడు. విన్నది ఎటు పోతుందో తెలీదు.

"బాబూ, నాకీ పెరిగిన జీతం వద్దు. చట్టం కూలే ఇయ్యండి," అంది గేనర్.

"అయ్యో, అది కుదరదు గేనర్. ఒక్కరికి తక్కువిచ్చినా, బతుకు జీతం ఇచ్చే కాలేజీ అని మనకిచ్చిన గుర్తింపు పోతుంది."

"మీ గుర్తింపు పోకూడదు. నా భత్యం పోవచ్చు. అంతేగా?"

"అలా అనకండి. మేము మీ మంచికే కదా..."

"కొండనాలుకకి మందేశారయ్యా, ఉన్న నాలుక ఊడింది!" అన్నాను నేను.

గైల్స్ లెక్కల మిషను తీసి చాలాసేపు నొక్కాడు. ఆఖరికి మొహం వెలిగింది. "వారానికి అరగంట తగ్గిద్దాం! పదిహేనున్నర గంటలకి నూటతొంభై అయిదు పౌండ్ల ముప్పై. హద్దు లోపలే. వచ్చే వారం నుంచి భత్యానికి మళ్ళీ పెట్టుకోవచ్చు."

గేనర్ వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకుంది. "చట్టం కూలికి పదహారు గంటలు చేసినా నూటతొంభై అయిదు ముప్పై ఆరు వచ్చేది. మీ బతుకు జీతంతో ఆరు పెన్నీలు తక్కువ."

గైల్స్ తల ఇంకో పక్కకి వాల్చాడు.

"పోనీయండి. అరగంట తగ్గిస్తే మూడో అంతస్తు మరుగుదొడ్లు ఎవరు కడుగుతారు?"

"అదీ... కొంచెం చురుగ్గా చేస్తే సరిపోతుందేమో. పని పట్టిక ఇప్పుడే మార్చలేం. శుక్రవారం అయ్యాక చూద్దాం."

గైల్స్ గంటలు తగ్గించే కాగితం తీశాడు. దాని మీద సంతకం పెట్టకపోతే భత్యం రాదు. పెడితే అదే పని అరగంట తక్కువ జీతానికి. గేనర్ పెట్టింది. కలం కాగితాన్ని చింపేట్టు నొక్కి పెట్టింది.

శుక్రవారం సంగతేమిటంటే, బతుకు జీతం ఇస్తున్నందుకు కాలేజీకి ఇత్తడి ఫలకం వచ్చింది. దాన్ని గుమ్మం పక్కన బిగించే రోజది. పెద్ద కేకు తెచ్చారు. పాతవాళ్ళలో ఒకర్తె అని గేనర్ చేత ఫలకం పట్టించి ఫోటో తీయాలన్నారు. నేను వద్దన్నాను. "కానీయ్, చూద్దాం," అంది గేనర్. రాయ్‌స్టన్‌ని చూసేవాళ్ళు లేక వెంట తీసుకొచ్చింది. అతను కుర్చీలో కూర్చుని కేకు మీది క్రీము వేలితో నాకుతున్నాడు. గైల్స్ చూపు తిప్పుకున్నాడు.

కాలేజీ పాలకమండలి నుంచి ఒక పెద్దావిడ వచ్చింది. ముత్యాల దండ, మంచి నవ్వు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడకి ఎవరూ ఏమీ చెప్పలేదు, అంతే. గేనర్ భుజం మీద చెయ్యేసి, అందరికీ వినపడేట్టు అడిగింది:

"ఇంతకీ పెరిగిన జీతంతో ఏం కొనుక్కున్నావమ్మా?"

"అప్పు కొనుక్కున్నానమ్మా," అంది గేనర్. "మూడువేల మూడువందల ముప్పై రెండు పౌండ్ల అప్పు. పైగా మా సందులో దొంగ అనే పేరు. అది మాత్రం ఊరికే ఇచ్చారు."

పెద్దావిడ చెయ్యి భుజం మీదనుంచి జారిపోయింది. ఫోటోలవాడు కెమెరా దించాడు. గైల్స్ "గేనర్, ఇప్పుడు కాదు..." అని గొణిగాడు.

గేనర్ ఫలకాన్ని తిప్పి చూసింది. తన వేలిముద్రలు ఇత్తడి మీద మచ్చలుగా పడ్డాయి. దాన్ని తీసుకెళ్ళి గైల్స్ చేతుల్లో పెట్టింది.

"రోజూ దీన్ని తుడవాల్సింది నేనే కదా బాబూ. నువ్వు కోసేసిన ఆ అరగంటలో తుడవనా, మూడో అంతస్తు మరుగుదొడ్లు వదిలేసి తుడవనా? ఇక్కడే, అందరి ముందూ చెప్పు."