మిద్దె మీద కోడి ఎముకలు

ఉదయగిరి బజారులో రాజమోహన్ గారిది కిరాణా హోల్‌సేల్ కొట్టు. కొట్టు పైన ఇల్లు, ఇంటి పైన మిద్దె. మిద్దె మీదికి లోపలి నుంచి ఒక దారి ఉంది, సందులో నుంచి ఇనుప మెట్లూ ఉన్నాయి. ఆయన కూతురు మధులత తొమ్మిదో తరగతి చదువుతోంది. ఆమె స్నేహితురాలు శిల్ప ఎప్పుడు వచ్చినా ఇనుప మెట్ల మీదుగానే పైకి పోయేది. లోపలికి రావద్దని ఆ పిల్లకు ఎవరూ చెప్పలేదు. చెప్పవలసిన అవసరం రాలేదు. ఇందులో తప్పేముందని మీరు అనుకోవచ్చు. ఆ ఇంట్లో వాళ్ళూ అట్లాగే అనుకున్నారు.

శిల్ప తండ్రి యేసుబాబు బస్టాండు దగ్గర చికెన్ కొట్టు నడుపుతాడు. ఆత్మకూరులో జరగబోయే సైన్సు ప్రదర్శనకు, వాళ్ళ బడిలో సైన్సు చెప్పే దయాసాగర్ సారు ఈ ఇద్దరు ఆడపిల్లలనూ జట్టుగా ఎంపిక చేశాడు. పక్షులు డైనోసార్ల సంతతి అని చూపించడం వాళ్ళ అంశం. శిల్ప తమ కొట్టులోని కోడి ఎముకలూ రెండు కాళ్ళూ ఉడకబెట్టి, శుభ్రంగా కడిగి తెచ్చింది. వాటిని మిద్దె మీద ఎండబెట్టే పని మధులత తీసుకుంది.

మాంసం ముట్టని ఇంట్లో పుట్టిన పిల్ల కాబట్టి ఎముకలను ఎట్లా ఎండబెడతారో ఆమెకు తెలియదు. ఎండబెట్టడమంటే ఆమె చూసింది అవ్వ వెంకమ్మ పెట్టే గుమ్మడి వడియాలే. కాకులు ఎత్తుకుపోకుండా వడియాల మీద పలుచటి గుడ్డ కప్పి ఉంది. మధులత ఎముకలను కూడా ఆ గుడ్డ కిందనే ఒక పక్కగా సర్దింది.

సాయంత్రం వెంకమ్మ గుడ్డ ఎత్తింది.

“ఏందే ఇది?”

“కోడి కాలు అవ్వా.”

“కోడి కాలని నాకూ తెలుస్తానే ఉండాది. నా వడియాల్లోకి నడిచొచ్చిందా?”

“కాకులు ఎత్తుకపోతాయని నీ గుడ్డ కింద పెట్టినాను.”

“ఎత్తుకపోయినా బాగుండేది.”

ఎముకలను మధులత ఏరుకొని డబ్బాలో దాచింది. వడియాలన్నీ పారబోశారు. మిద్దెంతా పసుపునీళ్ళు చల్లారు. కొడుకు భోజనానికి కూర్చోగానే వెంకమ్మ విషయం ఎత్తింది. “ఆ పిల్లతో జట్టు మానిపించురా. ఈరోజు మిద్దె మీదికి వచ్చినాయి, రేపు దేవుడి గదిలోకి వస్తాయి.” రాజమోహన్ తల్లి మాటకు ఎదురు చెప్పే మనిషి కాదు. “సరేలే అమ్మా, పొద్దున సారుకు ఫోన్ చేస్తాను” అన్నాడు.

“నేను పోకపోతే శిల్పను కూడా తీసుకోరు నాన్నా. ఇద్దరుంటేనే జట్టు” అంది మధులత. “ఎముకలు అక్కడ పెట్టింది నేను. శిక్ష మాత్రం శిల్పకు.” తండ్రి చెయ్యి కడుక్కొని లేచాడు.

మరునాడు పూజ ముగించుకొని, రాజమోహన్ రోజూలాగే దోసెడు జొన్నలతో మిద్దె ఎక్కాడు. పావురాలు చుట్టూ వాలాయి. అప్పుడే శిల్ప ఇనుప మెట్లు ఎక్కి వచ్చి పైమెట్టు మీదనే ఆగిపోయింది.

“ప్రదర్శన కోసం మేము రాస్తున్న చార్టు తీసుకపోయి సారుకు తిరిగి ఇచ్చేస్తాను అంకుల్. మధులత ఫోన్‌లో చెప్పింది.”

ఆ పిల్ల ఏడవలేదు. ఏడ్చి ఉంటే ఆయనకు సులువుగా ఉండేది. ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు.

“పక్షిని దేవుడు పక్షిగానే పుట్టించినాడని మేము అనుకుంటాము. మీరేమో ఆ రాక్షసి బల్లుల సంతతంటారు. రుజువేంది?”

“మీ ముందరే ఉండాది అంకుల్. ఆ పావురం కాళ్ళు చూడండి.”

ఆయన వంగి చూశాడు. ఎర్రటి కాళ్ళ మీద బల్లి చర్మంలాగా పొలుసులు. ముందుకు మూడు వేళ్ళు, వాటికి గోళ్ళు. ఇన్నేళ్ళుగా గింజలు వేస్తున్నా వాటి కాళ్ళ వైపు ఆయన ఎన్నడూ చూడలేదు.

“రాళ్ళలో దొరికిన కొన్ని డైనోసార్లకూ ఇట్లాంటి కాళ్ళే అంకుల్. బోలు ఎముకలు, ఈకల గుర్తులు కూడా దొరికినాయి. అన్నీ చచ్చిపోలేదు. వాటిలో ఒక కొమ్మ మిగిలింది, అవే పక్షులు.”

“అంటే దేవుడు లేడని చెప్పినాడా మీ సారు?”

“దేవుడి మాటే ఎత్తలేదు. పోలికలు చూడమన్నాడు.”

రాజమోహన్ ఆలోచనలో పడ్డాడు. దేవుడు పక్షిని ఒక్క రోజులో చేశాడో, కోట్ల ఏళ్ళు తీసుకొని నిదానంగా చేశాడో, ఆయన పనికి గడువు పెట్టడానికి మనమెవరం? ఆ మాట ఆయనకు కష్టంగా తోచలేదు. మరొకటి కష్టంగా తోచింది.

ఇంతలో వెంకమ్మ పైకి వచ్చింది. “ఏందిరా, ఇంకా మాటలేనా?”

“అమ్మా, నాయన ఉన్నప్పటినుంచి ఈ పావురాలకు గింజలు వేస్తున్నాము. నువ్వు పురుగు తింటావా, మీ తాత ఎవరు అని ఒక్కదాన్నన్నా అడిగినామా? వాలినదల్లా మన అతిథే అన్నాము. ఈ బిడ్డను మాత్రం వాళ్ళ నాయన ఎవరో చూసి మెట్ల కాడనే నిలబెట్టినాము.”

“పావురాలు నా వడియాల్లో కాళ్ళు పెట్టలేదు.”

“పెడతాయి గదమ్మా. గుడ్డ కప్పేది అందుకే గదా.”

వెంకమ్మ పావురాల వైపు చూసింది. “అయితే ఇంకో గుమ్మడికాయ తెచ్చి నువ్వే కొట్టి తరుగు” అంది.

“చార్టు మధులత గదిలో ఉండాది తల్లీ. ఇట్లా లోపల నుంచి పోయి, ఇద్దరూ కలిసి మిగిలిన పని చూసుకోండి. ఆత్మకూరుకు నేనే తీసుకపోతాను” అన్నాడు రాజమోహన్. శిల్ప కదలకుండా వెంకమ్మ ముఖం చూసింది.

“నన్ను చూస్తావేంది? ఎడమ పక్క గది” అంది వెంకమ్మ.

ప్రదర్శన నాడు ఆత్మకూరులో హాలు కిటకిటలాడింది. అమ్మాయిలిద్దరూ బల్ల వెనక నిలబడి, ఒకరు ఎముక చూపిస్తే ఒకరు వివరిస్తూ వచ్చారు. రాజమోహన్‌తో సరుకు వ్యవహారం ఉన్న మోహన్‌కృష్ణ అనే వ్యాపారి కూడా తన కొడుకు కోసం వచ్చి అక్కడ ఆగాడు. బల్ల మీద ఎముకలను, రాజమోహన్ నుదుటి బొట్టును మార్చి మార్చి చూశాడు.

“ఏందన్నా, నువ్వు ఈ బల్ల దగ్గర? ఇది మన దేవుణ్ణి కాదనే చదువు గదా?”

“దేవుడికేమీ కాలేదు మోహనా. తగ్గవలసింది మన గర్వమే” అన్నాడు రాజమోహన్. “రాయిలో దొరికిన ఎముకను చూసి కోట్ల ఏళ్ళ కిందటి బంధుత్వాన్ని గుర్తుపడుతున్నారు ఈ బిడ్డలు. మన ఊళ్ళోనే పుట్టి, మన పిల్లల పక్కన కూర్చొని చదువుకుంటున్న మనిషిని మనవాళ్ళలో ఒకరని ఒప్పుకోవడానికి మనకు ఇంకే రుజువు కావాల?”