ఒక్క చొక్కా ఆయన

మా మరిది ఆ హిందీ సినిమాకి నన్ను తీసుకెళ్లింది నా సరదా తీర్చడానికి కాదు, తన బాధ నాకు తెలియడానికి.

"నోటితో చెప్పలేను వదినా. ఆ సినిమా చూడు, అంతా నీకే అర్థమవుతుంది," అన్నాడు. చేతిలో ఒక కాయితం ఉంది. తను పనిచేసే కళ్లజోళ్ల దుకాణం వాళ్లు వేరే ఊళ్లో ఇంకోటి తెరుస్తున్నారట. వెళ్తానని సంతకం పెట్టి సోమవారంలోగా ఇస్తే అక్కడికి పంపిస్తారు.

ఇంటి మనిషి దూరమవుతాడన్న బెంగ ఉంది, లేదనను. అంతకంటే పెద్ద బెంగ ఇంకోటుంది. మా ఏడు నెలల చంటిది అతని భుజం మీద తప్ప నిద్రపోదు. నేను ఊపితే కళ్లు ఇంకా పెద్దవి చేసుకుని చూస్తుంది. వాళ్ల నాన్న ఎత్తుకుంటే చొక్కా బొత్తాలు పీకుతుంది. బాబాయి రోజంతా అద్దాలు అరగదీసే మిషన్ ముందు నిలబడి వస్తాడు కదా, తనకి తెలియకుండానే ఆ మిషన్ లాగా సన్నగా గొంతులో మూలుగుతుంటాడు. ఆ చప్పుడుకి రెండు నిమిషాల్లో మెడ వాల్చేస్తుంది. ఇతను వెళ్లిపోతే మిషన్ని ఇంటికి తెచ్చుకోవాలి.

శుక్రవారం మధ్యాహ్నం ఆటకి చంటిదానితో కలిపి ముగ్గురం వెళ్లాం. మూడు జతల బట్టలు, రెండు పాలసీసాలు, చెవుల్లోకి దూది, జ్వరం చూసే గొట్టం సంచిలో పెట్టుకున్నాను.

"సినిమాకా వదినా, కాపురానికా?" అన్నాడు.

"నువ్వు నడువు."

నాకు హిందీ రాదు. చదువు మధ్యలో ఆగిపోయిన దాన్ని, ఉన్న భాషే సరిగ్గా రాయలేను. మరిదే చెవిలో చెబుతూ కూర్చున్నాడు. హీరో రోజూ ఒక పువ్వు తెచ్చి ఆ అమ్మాయి గేటు దగ్గర పెట్టి, గోడ చాటుకి పోతాడు. వాన పడుతుంది. పాట వస్తుంది. మళ్లీ పువ్వు.

"ఇప్పుడేమంటున్నాడు?" అన్నాను.

"ఏమీ అనట్లేదు వదినా. అదే కథ."

"ఇంటర్వెల్ వచ్చేసింది కదయ్యా, ఇంకా చెప్పడా?"

"కళ్లతో చెప్పాడుగా."

"ఆ పిల్ల అటు తిరిగి నిలబడితే కళ్లు ఎలా కనబడతాయి?"

ఆ పువ్వులు వేరేవాడు పెడుతున్నాడనుకుని ఆ అమ్మాయి వాణ్నే పెళ్లి చేసుకుంది. హీరో పెళ్లిలో కుర్చీలు సర్ది, రైలెక్కి వెళ్లిపోయాడు. మూడు గంటలు. హీరో ఏడ్చిన ప్రతిసారీ మా చంటిది పకపకా నవ్వింది. ముందు వరసలో ఒకాయన గురక. మరిది మాత్రం కళ్లు తుడుచుకున్నాడు, అదీ నేను ఉతికి తెచ్చిన పిల్ల గుడ్డతో.

బయటికొచ్చాక నెమ్మదిగా కూపీ లాగాను. మా వీధి చివర ఇస్త్రీ కొట్టులో పనిచేసే అమ్మాయట. ఆరు నెలలట.

"ఏం మాట్లాడావు ఆమెతో?"

"చొక్కా ఇస్తాను. 'సాయంత్రం వస్తుందా?' అంటాను. 'వస్తుంది' అంటుంది."

"ఇంకా?"

"ఒకసారి నా నీలం చొక్కా చూసి, ఇది మడత బాగా నిలుస్తుంది అంది. అప్పట్నుంచి రోజూ అదే ఇస్తున్నాను."

"మిగతావి?"

"నేనే ఇంట్లో చేసుకుంటున్నాను."

"అడగందే అమ్మైనా అన్నం పెట్టదు నాయనా."

"నువ్వు చంటిది అడక్కముందే పెడతావుగా?"

"నాది భయం. అందరూ నాలా ఉండరు."

"ఆమె కాదంటుంది వదినా, నాకు తెలుసు. ఆ మాట వినకముందే వెళ్లిపోతాను."

మర్నాడు పొద్దున రెండు దుప్పట్లు, చంటిది, నేను ఇస్త్రీ కొట్టుకి వెళ్లాం. ఆ అమ్మాయి చురుకు. ఒక చేత్తో నీళ్లు చల్లుతూ, ఇంకో చేత్తో పెట్టె తోస్తూ, పంటి మధ్య పిన్నీసు పెట్టుకునే మాట్లాడుతోంది. దుప్పటికి నంబరు గుడ్డ గుచ్చుతూ ఇల్లెక్కడని అడిగింది. చెప్పాను.

"ఆ ఒక్క చొక్కా ఆయన మీ ఇంట్లోనే ఉంటారా?"

"మా మరిది," అన్నాను.

చుట్టూ చూసి, బల్ల కింద నుంచి ఒక మూట తీసింది. "ఏమీ అనుకోకండి అక్కా. ఏడాదైనా ఎవరూ తీసుకెళ్లని బట్టలు లేనివాళ్లకి ఇచ్చేస్తాం. పాపం, పొద్దున ఇచ్చి సాయంత్రం తీసుకెళ్తారు, మర్నాడు మళ్లీ అదే. నేనిస్తే చిన్నబుచ్చుకుంటారేమోనని ఆగాను. నాలుగున్నాయి, కొలత సరిపోతుంది."

నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూట చంకన పెట్టుకుని వచ్చేశాను.

మరిది ఆ కాయితం ముందు పెట్టుకుని, కలం మూత తీసి కూర్చున్నాడు. పక్కన మూట పెట్టాను. "ఆమె ఇచ్చింది, నీకే," అనగానే మొహం చేటంత అయింది. ఎందుకిచ్చిందో చెప్పాక చేటలో చెరిగిన పొట్టులా ఆ వెలుగంతా ఎగిరిపోయింది.

"ఆరు నెలలు..." అన్నాడు.

"ఒకవైపు ప్రేమ అంటావు. రెండోవైపుకి ఇంకా కబురే అందలేదు."

మూట ముడి విప్పి చూశాడు. "హీరోకి పాత చొక్కాలు ఎవరూ ఇవ్వలేదు వదినా," అన్నాడు. లేచాడు. బీరువాలో ఉన్న తన తొమ్మిది చొక్కాలూ, ఒంటి మీది నీలంతో సహా, చేతి మీద వేసుకున్నాడు. ఆ మూటా తీసుకున్నాడు. బనీను మీదే వెళ్లిపోయాడు.

నేను చంటిదాన్ని ఎత్తుకుని కిటికీ దగ్గర నిలబడ్డాను. ఔనంటే పెళ్లి చేసుకుని వేరే ఇల్లు చూసుకుంటాడు. కాదంటే సంతకం పెడతాడు. ఎటు చూసినా నా పిల్లకి నిద్ర లేదు. ఇంత స్వార్థం ఉన్నదాన్ని నేనేం సలహా ఇచ్చానో అనుకుంటూ చంటిదాన్ని ఇంకో భుజానికి మార్చుకున్నాను.

పావుగంటకి వచ్చాడు. చేతులు ఖాళీ.

"చెప్పావా?"

"తొమ్మిదీ బల్ల మీద పెట్టి, నాకు ఇవన్నీ ఉన్నాయి, రోజూ ఒకటే ఎందుకు తెచ్చానంటే అని మొదలుపెట్టి చెప్పేశాను."

"ఏమంది?"

"ముందు నవ్వింది. తర్వాత, మంచిగానే, తనకి అలాంటి ఉద్దేశం లేదంది." గోడకి ఆనుకున్నాడు. "రెండు నిమిషాలు పట్టింది వదినా. ఏడుపొస్తుందనుకున్నాను. ఆకలేస్తోంది."

వడ్డించాను. రెండుసార్లు పెట్టించుకున్నాడు. కళ్లు కొంచెం ఎర్రగానే ఉన్నాయి, నేను చూడనట్టు ఊరుకున్నాను. ఆఖరికి ఉండబట్టలేక కాయితం సంగతి అడిగాను.

"ఎలా వెళ్తాను? నా చొక్కాలన్నీ ఆమె దగ్గరే ఉన్నాయి. ఇస్త్రీకి రాసుకుంది. మంగళవారం ఇస్తానంది."

"కాయితం సోమవారానికి కదా?"

"ఊఁ," అన్నాడు. చంటిదాన్ని అందుకుని భుజాన వేసుకున్నాడు. ఆ మూలుగు ఈసారి కాస్త కింది గొంతులో మొదలైంది. అయినా దాని మెడ వాలిపోయింది.

మంగళవారం దాకా వేసుకోడానికి మా ఆయన చొక్కా ఒకటి తీసి పెట్టాను. ఆ వాసనకి చంటిది భుజాన్ని గుర్తుపడుతుందో లేదోనని ఇప్పుడు భయం.