చెమటతో దిగిపోతుందట

దుప్పటి మళ్ళీ తడిసింది. దాన్ని తీసేసి, పెళ్ళికని కొన్న కొత్త దుప్పటి పరిచాను. అంచుల వెంట నీలిపూలు. మడత విప్పుతుంటే ఇంత కంగారులోనూ సరదా వేసింది. కిటికీ అద్దం మీద మంచు తీగలు అల్లింది, వంటింట్లో యాలకుల బన్నుల వాసన. ఇది నా ఇల్లు, మంచం మీద చెమటలు కక్కుతున్న ఇతను నా మొగుడు. ఆ మాట అనుకుంటే ఇంకా నవ్వొస్తుంది నాకు.

ఓస్మో తాగుడు మానేశాడు. నేను అడిగాననే! ఎంత పొంగిపోయానో. ఉన్నపళంగా మానితే మనిషి ఇలా అయిపోతాడని తెలియదు. ముందు చేతులు వణికాయి. కప్పు పట్టుకోలేకపోతే కాఫీ నేనే తాగించాను, అదీ ముద్దుగానే అనిపించింది. తర్వాత వాంతులు, గుండెదడ, తలుపు చప్పుడుకే ఉలికిపాటు. ఆరోగ్యకేంద్రం నర్సు మాత్రలిచ్చింది.

"వేళ తప్పకుండా వెయ్యమ్మా. నీళ్ళు బాగా తాగించు. వణుకు ఎక్కువైనా, లేనివి కనబడుతున్నాయన్నా అంబులెన్సుకి ఫోన్ చెయ్. సౌనా గదిలో ఆ ఆవిరి వేడిలోకి మాత్రం పంపకు, మూర్ఛ వస్తే ప్రాణం మీదికొస్తుంది."

నేను పనిచేసే శిశువిహారంలో జీతం లేని సెలవు పెట్టాను. హెల్సింకి నుంచి ఓస్మో వాళ్ళమ్మ, సిర్కా అత్తయ్య, దిగింది.

"మాత్రలెందుకే? మా ఆయనకి సౌనా వేడెక్కించేదాన్ని, చెమటతో దిగిపోయేది. సౌనాకీ సారాకీ తారు పూతకీ లొంగని జబ్బంటే చావేనని పెద్దవాళ్ళు ఊరికే అన్నారా?"

"నర్సు వద్దంది అత్తయ్యా."

"ఆవిడకి తాగే మొగుడున్నాడా ఏం?" అని పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

రొట్టె కొనుక్కుని వచ్చేసరికి పెరట్లో సౌనా పొగగొట్టం పొగలు కక్కుతోంది. లోపల ఓస్మో బల్ల కింద పడి గిలగిలా కొట్టుకుంటున్నాడు, నోట్లో నురగ. అత్తయ్య, ఆవిరి కోసం కాలే రాళ్ళ మీద నీళ్ళు పోసే గరిటె పట్టుకుని నిలబడిపోయింది. నేనే అతన్ని బయటికి ఈడ్చి, పక్కకి తిప్పి పడుకోబెట్టి, అంబులెన్సుకి ఫోన్ చేశాను.

ఆసుపత్రిలో కళ్ళు తెరిచాడు. "ఇంక ముట్టనులే హెల్మీ," అన్నాడు. ఆ గొంతు వింటే ఇప్పటికీ ఒళ్ళు పులకరిస్తుంది.

అత్తయ్య నా భుజం మీద చెయ్యేసింది. "మొదటిసారి కదా, భయపడ్డావు. వాళ్ళ నాన్న కూడా ప్రతిసారీ ఇదే మాట అనేవాడు. అలవాటైపోతుందిలే. అయినా నువ్వు బజారుకి పోకుండా ఉంటే ఇంత అయ్యేదా?"

ప్రతిసారీ. ఆవిడ ఆ మాటని వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పింది. కోపం లేదు, బాధా లేదు. ఆవిడా ఒకప్పుడు కొత్త పెళ్ళికూతురేగా, ఆవిడకీ కాఫీ తాగించడం ముద్దుగానే ఉండి ఉంటుంది. ఆ ముద్దు ఎప్పుడు పోయిందో ఆవిడకైనా గుర్తుందా? ఓస్మో మారతాడన్న నమ్మకం ఎంత వెతికినా నాలో దొరకలేదు. ప్రేమ మాత్రం ఉన్నచోటే ఉంది, పనికిమాలినది.

డాక్టరు వచ్చింది. "ఇంటికి పంపాలంటే మందులిస్తూ రాత్రింబవళ్ళు కనిపెట్టుకునే మనిషి ఉండాలి. లేకపోతే వార్డులోనే ఉంచుతాం. ఎవరైనా ఉన్నారా?"

"పెళ్ళాం ఉందిగా," అంది అత్తయ్య.

ఓస్మో వణికే చెయ్యి నా వైపు చాచాడు.

"ఎవరూ లేరండీ," అన్నాను.