నీలం డ్రమ్ము మీద ఒట్టు

కువైట్లో, అబూ హలీఫాలో ఆ మూడంతస్తుల బిల్డింగు పై వాటాలో ఉండే ముగ్గురు మగాళ్ళకీ దేశంలోకి ఇరాకు ట్యాంకులొచ్చిన బాధ ఒక ఎత్తు, నీలం డ్రమ్ము ఖాళీ అయిన బాధ ఒక ఎత్తు. ట్యాంకులొచ్చి వారాలు దాటింది, కొంచెం అలవాటైంది. డ్రమ్ము నిన్ననే ఖాళీ అయింది, అలవాటు కాలేదు. అందుకని ఆ శుక్రవారం పొద్దున డ్రమ్ముని మధ్యలో పెట్టుకుని, చుట్టూ బాసింపట్టు వేసుకుని కూర్చున్నారు. తర్వాత ఏ బీరు పెట్టాలో తేలాలి.

పెద్దవాడు పాల్‌రాజు. పాలకొల్లు దగ్గర పల్లెలో ఐదో తరగతి గట్టెక్కి, ఆరో తరగతి గది ఎటుందో కూడా చూడకుండా గరిటె పట్టిన మనిషి. ఇక్కడ ఒక కంపెనీ మెస్సులో వంట. దొరలు పారిపోయాక మెస్సు తాళం ఆయన మొలతాడుకే మిగిలిపోయింది కాబట్టి పంచదారకీ ఈస్టుకీ కరువు లేదు. చిలిపి పనులకైతే కరువన్నది ఎప్పుడూ లేదు.

ఆ ఇంట్లో ఒక ఒట్టుంది. డ్రమ్ము పొంగుతున్నన్నాళ్ళూ ఎవరూ ఇల్లు వదిలి పోకూడదు. అప్పుడెప్పుడో గంగాధర డ్రమ్ము పెట్టించి సెలవు మీద రాయచోటి వెళ్ళొచ్చేసరికి అడుగున గసి తప్ప ఏమీ మిగల్లేదు. "నీ వాటా నీకు దాచాం" అని పాల్‌రాజు ఆ గసినే సీసాలో పోసి, ఎర్ర రిబ్బను కట్టి చేతిలో పెట్టాడు. ఆ తగవు తీరడానికి డ్రమ్ము మీద చెయ్యేసి ముగ్గురూ వేసుకున్న ఒట్టది. ఇప్పుడు ఇండియా పోయేవాళ్ళ పేర్లు జోర్డాను వైపు బస్సులకి రాస్తున్నారు. అంటే ఏ బీరు పెడితే, అది మాగేదాకా ఇక్కడే.

"ఖర్జూరం పెట్టు బావా," అన్నాడు నతానియేలు. పాల్‌రాజు పెళ్ళాం సారమ్మకి తమ్ముడు, వెల్డరు. "వారంలో అయిపోద్ది. తాగేసి, పేర్లు రాయించేసి, బస్సెక్కేద్దాం. నా కూతురు మొహం నేనింకా చూళ్ళేదు."

"ఎండుద్రాచ్చ ఎయ్యండప్పా," అన్నాడు టైలరు గంగాధర, ఉంగరాల జుట్టుకి కొబ్బరినూనె పట్టిస్తూ. "ఇంత అల్లం దంచి ఏస్తే కడుపు కుదురుగా ఉంటాది. ఇంకొక వారం ఎక్కువ పట్టనీ, ఏం పోతాది?"

పాల్‌రాజు గొంతు సవరించుకున్నాడు. "బార్లీ."

"ఏంటీ?"

"గొర్రెల దొడ్డోడు పారిపోతా బస్తాడు బార్లీ వదిలేసిపోయాడ్రా. దాన్ని మొలకలు కట్టి, మేడ మీద ఎండబెట్టి, దంచి, కాచి, పులియబెట్టి, సీసాల్లో మాగేద్దాం. దొరలు తాగే అసలు బీరు. ఓ నెల పట్టుద్ది."

"నెలా! ఊరినిండా సైన్యం ఉంటే మొలకలు కడతానంటావేంటి బావా, బుర్రుందా?"

"సైన్యానికి నేనేం మొలకలు పెట్టట్లేదు గదరా, నీకెందుకు?"

పాల్‌రాజు బుర్ర బాగానే ఉంది. అందులో సారమ్మ ఉంది, అదీ చిక్కు. సారమ్మ రుమైథియాలో ఒక ముసలి కువైటీ ఆవిడ ఇంట్లో ఉండి పని చేస్తుంది. యజమానురాల్ని ఇక్కడ మామా అంటారు. మామా కొడుకులు సెలవులకని వెళ్ళి బయటి దేశంలో చిక్కుకుపోయారు. రెండు రోజుల కిందట ఫోన్లో సారమ్మ తెగేసి చెప్పింది. "మామాని ఒక్కదాన్నీ వదిలి నేను రాను. ఆవిడ తమ్ముడొచ్చి తీసుకెళ్ళేదాకా కదల్ను. నువ్వెళ్ళిపో."

"నువ్వు లేకుండా ఇంటికెళ్తే మీ అమ్మ నాకు అన్నం పెట్టదే."

"అయితే గంజి తాగు," అని ఫోను పెట్టేసింది.

సారమ్మ లేకుండా పాల్‌రాజు బస్సెక్కడు. అలాగని, పెళ్ళాం నన్ను వెళ్ళిపొమ్మంది అని బామ్మర్దికి ఏ మొహంతో చెప్తాడు? అందుకే బార్లీ. నెల రోజులు డ్రమ్ము పొంగితే నెల రోజులు ఎవరూ కదలరు. ఈలోగా ఆ తమ్ముడెవరో రాకపోతాడా?

ముగ్గురికీ మూడు బీర్లు, తేలలేదు. గంగాధరని తిప్పుకోవాలి. మధ్యాహ్నం భోజనాల దగ్గర పాల్‌రాజు మెల్లిగా అందుకున్నాడు.

"మా మెస్సులో ఒక ఫిలిప్పీను కుర్రాడుండేవోడు గంగాధరా. నీకు మల్లే ఒత్తైన జుట్టు. ద్రాక్ష బీరంటే పడి చచ్చేవోడు. ఇప్పుడాడి గుండు మీద దీపం పెడితే రోడ్డంతా ఎలుగే."

"ఊరుకో అన్నా. నువ్వు చెప్పేటియన్నీ ఇట్లాటివే."

గంగాధర కునుకు తీశాడు. కింద బార్బరు షాపులో ఊడ్చి పెట్టిన జుట్టు ఒక కవరెడు పాల్‌రాజు దగ్గర సిద్ధంగా ఉంది. గంగాధర లేచి దిండు చూసుకున్నాడు. ఆ కేకకి వీధి చివర చెక్‌పోస్టులో సైనికులు కూడా తలలెత్తి ఉంటారు.

"అన్నా! నా జుట్టు! ఉత్త మాటకే ఇట్లయితే తాగితే ఏం మిగుల్తాదన్నా! ద్రాచ్చ వద్దు సామీ, దాని జోలికే పోను!"

"మరి?" అన్నాడు పాల్‌రాజు నవ్వు బుగ్గల్లో దాచుకుని.

"ఖర్జూరమే ఎయ్యండి. ఖర్జూరం జుట్టుకు బలమని మా అవ్వ చెప్తాండె."

పాల్‌రాజు బుగ్గల్లో నవ్వు అక్కడే గడ్డకట్టింది. నతానియేలు తొడగొట్టాడు. "ఇద్దరం ఒకటి! ఖలాస్!"

చేసేది లేక పాల్‌రాజు ఖర్జూరం ఉడికించి, పిసికి, వడగట్టి, పంచదార కలిపి, చల్లారాక ఈస్టు వేశాడు. ఉల్లిపాయ కోయకుండానే కళ్ళు చెమ్మగిల్లాయి. గట్టిగా మూత బిగించి, మూతలోంచి రబ్బరు గొట్టం తీసి నీళ్ళ సీసాలో ముంచాడు. తెల్లారేసరికి సీసాలో బుడుంగు బుడుంగుమని బుడగలు. బుడగ బుడగకీ బస్సు దగ్గరికొస్తున్నట్టే ఉంది పాల్‌రాజుకి.

నాలుగో రోజు మధ్యాహ్నం తలుపు తట్టారు. తీస్తే సారమ్మ. పక్కన ఎత్తుగా, భారీగా ఒక ముసలావిడ. సారమ్మ క్రిస్మస్ చీర ఆవిడకి కట్టినట్టు లేదు, సోఫాకి గలీబు తొడిగినట్టుంది. మామా!

"పక్కింట్లో సైనికులు దిగారు," అంది సారమ్మ లోపలికి వస్తూనే. "కూరగాయల బండిలో పడుకోబెట్టి తెచ్చాను. ఈవిడ తమ్ముడు దొరికేదాకా ఇక్కడే. అప్పటిదాకా బస్సుకి నేను రానని ఈయనకి ఫోన్లో చెప్పాగా. మీకు చెప్పలేదా?"

నతానియేలు బావకేసి తిరిగాడు. "ఓహో. అందుకా నెల రోజుల బార్లీ!"

"అందుకేనా నా జుట్టు!" అన్నాడు గంగాధర.

"అయ్ బాబోయ్, ముందు మామాకి మంచినీళ్ళివ్వండ్రా," అని పాల్‌రాజు వంటింట్లోకి దూరబోయాడు. అంతలో బుడుంగుమంది. మామా ఆగింది. డ్రమ్ము దగ్గరికి వెళ్ళి గొట్టం దగ్గర ముక్కు పెట్టి, సారమ్మని అరబ్బీలో అడిగింది, ఏమిటిదని.

అబద్ధాల్లో పాల్‌రాజు సారమ్మ కాలిగోటికి సరిపోడు. కనురెప్ప కదపకుండా చెప్పింది. "ఖల్, మామా. వెనిగరు. మా పచ్చళ్ళలోకి."

మామా మొహం విప్పారింది. మరుక్షణం గొట్టం పీకేసింది. మూత తీసి అవతల పారేసింది. తెల్లగుడ్డ తెమ్మని డ్రమ్ము మూతికి కట్టించింది. మెస్సులోంచి తెచ్చిన వెనిగరు సీసా గూట్లో కనబడితే దాన్ని డ్రమ్ములో గడగడా ఒంపేసింది. పాల్‌రాజు "మామా, మామా" అంటూ చేతులు చాపాడు. ఆవిడ ఆ చేతుల్లో ఖాళీ సీసా పెట్టింది.

"ఏవంటందక్కా?" అన్నాడు నతానియేలు నీరసంగా.

"వెనిగరుకి గాలి తగలాలంట, రోజూ కలపాలంట. నలభై రోజులు ఎవరూ ముట్టుకోకూడదంట. ఆవిడే కాపలా ఉంటదంట."

బార్లీకైతే నెల చాలేది. పాల్‌రాజు కోరిక తీరింది, పైన పది రోజులు కొసరు కూడా దొరికింది. సారమ్మ కళ్ళెదుటే ఉంది. బీరు మాత్రం రోజురోజుకీ పులుపెక్కుతోంది. మామా డ్రమ్ము పక్కనే కుర్చీ వేసుకుంది. పొద్దున్నే గరిటెతో కలుపుతుంది, రుచి చూస్తుంది, తలాడిస్తుంది. ముగ్గురు మగాళ్ళూ తలుపు సందులోంచి చూస్తారు.

"పోతాంది అన్నా, మన సరుకంతా పోతాంది," అంటాడు గంగాధర.

"పోనీరా. నీ జుట్టైనా మిగిలింది," అంటాడు పాల్‌రాజు.

నలభయ్యో రోజు ఇంకా రానేలేదు, మెట్ల మీద బూట్ల చప్పుడు వినబడింది. దాక్కున్న కువైటీల కోసం వెతుకుతూ సైనికులిద్దరు. సారమ్మ గబగబా మామా తల మీద కొంగు ముక్కుదాకా లాగింది. మీసాల సైనికుడు గుమ్మంలోనే ఆగి గాలి పీల్చాడు. డ్రమ్ము చూశాడు. మొహం పెళ్ళివారి పందిట్లో లడ్డూ చూసినట్టైంది. రెండోవాడికి కన్నుకొట్టి, తుపాకీ గోడకి ఆనించాడు. అంటే తీరిగ్గా కూర్చునే ఉద్దేశమే.

 మామా నోరు విప్పితే చాలు, ఏ దేశందో తెలిసిపోతుంది. మామా నోరు విప్పలేదు. గుడ్డ విప్పింది. గరిటెని అంచుదాకా నింపి, వంచిన తల ఎత్తకుండా రెండు చేతులతో అందించింది.

వాడు ఒక్క గుక్కలో లాగించాడు. ముందు కళ్ళు మూసుకున్నాయి. తర్వాత చెవులు ఎర్రబడ్డాయి. తర్వాత మీసంలో వెంట్రుక వెంట్రుకా లేచి నిలబడింది. రెండోవాడు నవ్వలేక గోడ పట్టుకున్నాడు. దగ్గుతూ, తిట్టుకుంటూ మీసాలవాడు తుపాకీ తీసుకుని మెట్లు దిగాడు. రెండోవాడి నవ్వు వీధి మలుపుదాకా వినబడింది. ఇంట్లో ఎవరి మొహమూ వాళ్ళు సరిగ్గా చూడనేలేదు.

ముందు నవ్వింది మామాయే. సోఫా గలీబంతా కదిలిపోయేలా నవ్వింది. తర్వాత అందరూ నేల మీద పడి దొర్లారు. పాల్‌రాజు నవ్వు మాత్రం మధ్యలో ఆగింది. డ్రమ్ములో నిజంగా బీరే ఉండుంటే? ఇద్దరూ కూర్చుని తాగేవాళ్ళు. రేపు నలుగుర్ని తెచ్చేవాళ్ళు. సారమ్మ ఇక్కడ, మామా ఇక్కడ.

ఆ వారంలోనే మామా తమ్ముడు, ఆవిడ జాడ తెలిసి, ఫహాహీల్ నుంచి వచ్చాడు. గుమ్మం దాటబోతూ మామా వెనక్కి తిరిగి, ఎవరూ అనుకోని హిందీలో మాట్లాడింది.

"పాల్‌రాజ్, వో సిర్కా నహీ థా."

అది వెనిగరు కాదని ఆవిడకి మొదటి రోజే తెలుసట. వాళ్ళ నాన్న పడవలో ఖర్జూరం బస్తాలేసుకుని బొంబాయి వెళ్ళేవాడు. తడిసి పులిసిన బస్తాలెలా వాసనొస్తాయో, వాటి చుట్టూ ఖలాసీలు ఎందుకు మూగేవాళ్ళో చిన్నప్పుడే చూసింది. "సైనికులూ ఖలాసీలూ ఒకటే," అంది. "ఒకసారి రుచి తగిలితే మళ్ళీ వస్తారు. అందుకే చెడగొట్టాను. కోపమా?" పాల్‌రాజు లెంపలు వేసుకున్నాడు. ఆవిడ నవ్వి, సారమ్మని గట్టిగా వాటేసుకుని, "అబ్ క్యా బనాయేగా?" అని ఆయన్నే అడిగింది. తర్వాత ఏం పెడతావు?

ఆవిడ వెళ్ళాక వెనిగరుని సీసాల్లోకి ఒంపి, డ్రమ్ము కడిగి మళ్ళీ మధ్యలో పెట్టారు. ఈసారి సారమ్మకీ ఓటుంది.

"చెప్పు బావా," అన్నాడు నతానియేలు. "బార్లీయేనా?"

"నిమ్మకాయ సోడా," అన్నాడు పాల్‌రాజు.

"అదెన్నాళ్ళు పట్టుద్దయ్యా?" అంది సారమ్మ, తెలియనట్టు.

"తాగినంతసేపు. తాగేసి నలుగురి పేర్లూ రాయించొద్దాం, యల్లా, పదండి!"

నలుగురూ చేతులెత్తారు. గంగాధర లోపలికెళ్ళి నాలుగు గ్లాసులు కలిపి తెచ్చాడు. పాల్‌రాజు గ్లాసుకి ఎర్ర రిబ్బను కట్టుంది. ఆ సంబరంలో ఆయన చూసుకోలేదు, ఎత్తి గటగటా దించేశాడు. కళ్ళు మూసుకున్నాయి. చెవులు ఎర్రబడ్డాయి.

"నీ వాటా నీకు దాచినామన్నా," అన్నాడు గంగాధర జుట్టు సవరించుకుంటూ.

సారమ్మ నవ్వుతూ వీపు నిమిరింది. పాల్‌రాజు దగ్గి, మూతి తుడుచుకుని, గ్లాసు ముందుకు చాపాడు.

"బాగా కుదిరిందిరా. ఇంకో సీసా మూట కట్టు, బస్సులో నతానియేలుకి పోద్దాం."